కొలరాడో గమ్మీలు, టెక్సాస్‌లో ఫెలొనీ కేసు: తమ్ముడి విషయంలో ఇక ఏం జరుగుతుంది?

ఫ్రిస్కో అక్క:

అందరికీ నమస్కారం. ఇది రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. ఇక్కడ తెలిసినవాళ్లని అడిగితే తెల్లారేసరికి నరసరావుపేటలో మా అమ్మ చెవిన పడుతుంది. అందుకే పేరు లేకుండా రాస్తున్నాను.

మా తమ్ముడికి 24 ఏళ్లు. డెంటన్‌లో ఎంఎస్ చేస్తున్నాడు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు, ఇంకొక్క సెమిస్టర్ మిగిలింది. మూడు వారాల కిందట ముగ్గురు ఫ్రెండ్స్‌తో కొలరాడో వెళ్లి తిరిగొస్తుంటే, 287 హైవే మీద అమరిల్లో దాటాక ఒక చిన్న కౌంటీలో ట్రూపర్ (హైవే పోలీసు) ఆపాడు. 75 మైళ్ల స్పీడ్ జోన్‌లో 84 మీద వెళ్తున్నారు. టికెట్ రాసి పంపేస్తాడులే అనుకున్నారట. కిటికీ దించగానే "గంజాయి వాసన వస్తోంది" అన్నాడట. నలుగుర్నీ దించి వెతికితే సెంటర్ కన్సోల్‌లో గంజాయి మత్తు కలిపిన గమ్మీల (జెల్లీ మిఠాయిల) డబ్బా, డోర్ అరలో ఒక వేప్ కార్ట్రిడ్జ్ (ఈ-సిగరెట్‌లో పెట్టే గంజాయి నూనె గొట్టం) దొరికాయి. కొలరాడోలో అవి చట్టబద్ధం, డెన్వర్‌లో లైసెన్సున్న షాపులో ఐడీ చూపించి కొన్నవే. బిల్లు కూడా ఆ కవర్లోనే ఉంది.

"ఎవరివి?" అంటే ఎవరూ నోరు విప్పలేదట. "అయితే నలుగురూ రండి" అనేసరికి మావాడు "అన్నీ నావే" అనేశాడు. నిజానికి గమ్మీలు మాత్రమే వాడివి, కార్ట్రిడ్జ్ ఇంకొకడిది. ఆ ఇంకొకడు ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు.

ఒక రాత్రి, మర్నాడు మధ్యాహ్నం దాకా జైల్లో ఉన్నాడు. పొద్దున వీడియోలో ఒక జడ్జి కనిపించి ఏదో చదివి 15,000 డాలర్ల బెయిల్ అన్నారట. మా ఆయన, నేను నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లి బాండ్స్‌మన్‌కి (ఫీజు తీసుకుని బెయిల్‌కి పూచీ ఉండేవాడికి) 1,500 కట్టి తీసుకొచ్చాం. కారులో ఒక్క మాట మాట్లాడలేదు. విచిటా ఫాల్స్‌లో కాఫీ కోసం ఆగితే "అక్కా, నేను ఐడీ చూపించే కొన్నాను" అన్నాడు, అంతే.

కాగితం మీద ఉన్నది ఇది: కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ పొసెషన్, అంటే నిషేధిత మత్తు పదార్థం దగ్గర ఉంచుకోవడం, పెనాల్టీ గ్రూప్ 2 (చట్టంలోని మత్తు పదార్థాల జాబితాల్లో ఒకటి), 4 గ్రాముల నుంచి 400 గ్రాముల లోపు. సెకండ్ డిగ్రీ ఫెలొనీ, అంటే పెద్ద నేరం. వెతికితే రెండు నుంచి ఇరవై ఏళ్లు అని వచ్చింది. ఆ డబ్బాలో ఉన్నవి పది గమ్మీలు. మొత్తం కలిపి టీహెచ్‌సీ (గంజాయిలో మత్తిచ్చే పదార్థం) 100 మిల్లీగ్రాములని లేబుల్ మీదే ఉంది. నాలుగు గ్రాములు ఎక్కడి నుంచి వచ్చాయి?

లాయర్‌ని పెట్టుకున్నాం. ఆ ఊరి దగ్గరాయనే, మంచివాడిలాగే ఉన్నాడు కానీ ఫోన్‌కి దొరకడు. దొరికినప్పుడు "వెయిట్ చెయ్యండి" అంటాడు. దేని కోసం వెయిట్ చెయ్యాలో తెలియక టెన్షన్‌తో చచ్చిపోతున్నాం. కోర్టు ఎప్పుడు పిలుస్తుంది? వెళ్తే ఏం చేస్తారు? చదువు, వీసా ఏమవుతాయి? ఇలాంటిది దాటి వచ్చినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి, కానీ ఒక ముక్క పనికొచ్చేది కూడా చెప్పండి.

గోదారి గట్టు:

సారీ అండి, తిట్టకుండా ఉండలేకపోతున్నా. తల్లిదండ్రులు అప్పు చేసి పంపిస్తే వీళ్లు చేసే పని ఇది. ఇలాంటివాళ్ల వల్లే మిగతావాళ్లకి వీసాలు రావడం లేదు.

రాజు_హ్యూస్టన్:

చార్జెస్ పూర్తిగా ఫైల్ అవ్వకముందే టికెట్ కొని ఇండియా పంపించెయ్యండి సిస్టర్. అక్కడికొచ్చి ఎవడు పట్టుకుంటాడు. ఎంఎస్ పోతే పోయింది.

ఖమ్మం నుంచి ప్లేనో:

అక్కా, నేను చెప్తాను. అదే రోడ్డు, అదే రకం కౌంటీ, 2021లో. అప్పుడు ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకునే అనుమతి) మీద ఉన్నాను. ఇప్పుడు బయటపడి ఉద్యోగం చేసుకుంటున్నాను కాబట్టి కొంచెం నవ్వుతూ రాస్తాను, ఏమీ అనుకోకండి. అప్పుడు నవ్వలేదు.

ముందు రాజుగారి సలహా సంగతి. ఆ పని చెయ్యొద్దు. బెయిల్ మీద బయటికొచ్చి కోర్టు తేదీకి హాజరుకాకపోతే అది టెక్సాస్‌లో విడిగా ఇంకో నేరం. అసలు కేసు ఫెలొనీ అయితే ఇది కూడా థర్డ్ డిగ్రీ ఫెలొనీ. వారంట్ అలాగే ఉంటుంది. పదేళ్ల తర్వాత చెల్లి పెళ్లయి ఇక్కడ బిడ్డ పుట్టిందని చూడ్డానికి వద్దామనుకుంటే ఆ వారంట్ ఎయిర్‌పోర్టులో ఎదురొస్తుంది.

ఇప్పుడు మీ నాలుగు గ్రాముల ప్రశ్న. నేనూ మా లాయర్‌ని మొదట అడిగింది ఇదే. టెక్సాస్ చట్టం మత్తు పదార్థాన్ని ఒక్కదాన్నే తూచదు, దాన్ని కలిపిన పదార్థం మొత్తాన్నీ తూస్తుంది. పంచదార, జెలటిన్, రంగు, నిమ్మ ఫ్లేవర్, అన్నీ. ఒక్కో గమ్మీ నాలుగైదు గ్రాములుంటుంది. పదికి నలభై యాభై. అంటే చట్టం లెక్కలో మీ తమ్ముడి దగ్గర దొరికింది నలభై యాభై గ్రాముల డ్రగ్. అదే వాడు గంజాయి ఆకు తెచ్చుకుని ఉంటే, రెండు ఔన్సుల వరకూ అది క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం. గరిష్ఠంగా 180 రోజులు, 2,000 డాలర్ల ఫైను. ఆకు కన్నా ఆకు రసం కలిపిన చాక్లెట్ పెద్ద నేరం. లెక్క అర్థం కాకపోయినా ఫర్వాలేదు, నాకూ ఇప్పటికీ అర్థం కాలేదు. నావి రెండు కార్ట్రిడ్జ్‌లు, గ్రాము దాటింది, నాలుగు లోపు. థర్డ్ డిగ్రీ, రెండు నుంచి పదేళ్లు. గ్రాము లోపైతే స్టేట్ జైల్ ఫెలొనీ, 180 రోజుల నుంచి రెండేళ్లు.

ఆ ఇరవై ఏళ్ల అంకె చూసి నిద్ర మానుకోకండి. అది చట్టం గీసిన పై గీత. ఏ రికార్డూ లేని కుర్రాడి మీద, ఒక డబ్బా గమ్మీల కేసులో, ఎవరూ అక్కడి దాకా వెళ్లరు. మీరు భయపడాల్సింది ఇంకోటుంది, దాని దగ్గరికి వస్తాను.

వీడియోలో కనిపించిన జడ్జి మీ కేసు జడ్జి కాదు. ఆయన మేజిస్ట్రేట్, చిన్న కౌంటీల్లో సాధారణంగా జస్టిస్ ఆఫ్ ద పీస్. అరెస్టయిన 48 గంటల్లోపు మనిషిని ఆయన ముందు నిలబెట్టి, ఆరోపణ ఏంటో, లాయర్ హక్కు ఏంటో చెప్పి, బెయిల్ ఎంతో నిర్ణయించాలి. ఆయన పని అక్కడితో అయిపోయింది. మీరు కట్టిన 1,500 బాండ్స్‌మన్ ఫీజు, కేసు కొట్టేసినా వెనక్కి రాదు. మొత్తం 15,000 క్యాష్‌గా జైల్లో కట్టి ఉంటే కేసయ్యాక తిరిగి ఇచ్చేవాళ్లు. కానీ అంత క్యాష్ ఎవరి దగ్గరుంటుంది లెండి.

"వెయిట్" దేని కోసమంటే రెండింటి కోసం. ఒకటి ల్యాబ్. 2019లో టెక్సాస్‌లో హెంప్‌ని (టీహెచ్‌సీ చాలా తక్కువుండే గంజాయి మొక్కని) చట్టబద్ధం చేశాక, డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం దాటిందని ల్యాబ్ తేల్చాలి. నెలలు పడుతుంది. నాకు ఏడు నెలలు పట్టింది. రెండోది గ్రాండ్ జూరీ. టెక్సాస్‌లో ఫెలొనీ నడవాలంటే గ్రాండ్ జూరీ ఇండైట్‌మెంట్ ఇవ్వాలి. మన దగ్గర చార్జిషీట్ పోలీసులు వేస్తారు కదా, ఇక్కడ ఆ ఊరి మనుషులు 12 మంది కూర్చుని, ప్రాసిక్యూటర్ చెప్పేది విని, తొమ్మిది మంది సరే అంటే కేసు డిస్ట్రిక్ట్ కోర్టుకి వెళ్తుంది. అక్కడికి మీ తమ్ముడిని పిలవరు, లాయర్‌ని కూడా లోపలికి రానివ్వరు. నా కౌంటీలో రెండు మూడు నెలలకోసారి కూర్చునేవాళ్లు. ఈలోగా మెయిల్ బాక్స్ చూడటం మానొద్దు. అడ్రస్ మారితే బాండ్స్‌మన్‌కి, లాయర్‌కి ఇద్దరికీ చెప్పాలి. నాలుగైదు నెలలు ఏ కబురూ లేకపోతే కేసు పోయిందనుకోవద్దు. ఇలాంటి ఫెలొనీకి ఇండైట్ చెయ్యడానికి వాళ్లకి మూడేళ్ల టైముంది.

ఇప్పుడు రోడ్డు పక్కన అన్న ఆ "అన్నీ నావే". పాపం, ఫ్రెండ్స్‌ని కాపాడదామని అన్నాడు. అది ట్రూపర్ ఛాతీ మీది కెమెరాలో రికార్డయి ఉంటుంది. సినిమాల్లో చూసే "యూ హావ్ ద రైట్ టు రిమైన్ సైలెంట్" (మౌనంగా ఉండే హక్కు నీకుంది) అనే హెచ్చరిక చదవలేదు కదా, చెల్లదు కదా అంటారేమో. మామూలు ట్రాఫిక్ స్టాప్‌లో అడిగే ప్రశ్నలకి అది చదవక్కర్లేదని 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ మాట ఉంది, దాంతోనే పని చెయ్యాలి. కార్ట్రిడ్జ్ వాడిది కాదనే సంగతి లాయర్‌కి మాత్రం చెప్పాలి. ఇంకెవరికీ కాదు. ఆ ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో "నీది నేను మీదేసుకున్నాను రా" లాంటి మెసేజ్‌లు ఒక్కటి కూడా వద్దు. ఒకవేళ మళ్లీ జైలు ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తే, తెలుగులో మాట్లాడుకుంటే ఎవడికి తెలుస్తుందిలే అనుకోవద్దు. ఆ కాల్స్ అన్నీ రికార్డవుతాయి. తెలుగు వచ్చినవాళ్లు ఈ దేశంలో తక్కువేం లేరు.

నా కేసు ఎందుకు పోయిందంటే వీడియో వల్లే. ట్రూపర్ నాకు వార్నింగ్ కాగితం ఇచ్చి, లైసెన్స్ తిరిగిచ్చి, ఆ తర్వాత "ఒక్క నిమిషం ఆగు" అన్నాడు. ఆ ఒక్క నిమిషం 22 నిమిషాలు. డ్రగ్స్ వాసన పట్టే పోలీసు కుక్క రావడానికి. కారణం లేకుండా కుక్క కోసం స్టాప్‌ని సాగదీయకూడదని 2015లో రోడ్రిగెజ్ అనే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా లాయర్ ఆ సాక్ష్యం చెల్లదని మోషన్ (కోర్టుకి అర్జీ) వేశాడు. హియరింగ్ మూడుసార్లు వాయిదా పడింది. నాలుగోసారి ఆ పొద్దున్నే కోక్ మెషీన్ పక్కన నిలబడి ప్రాసిక్యూటర్, మా లాయర్ రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. డిస్మిస్. పదహారు నెలలు, రెండు నిమిషాలు. మీవాడి విషయంలో "వాసన" అన్నాడు కాబట్టి దారి వేరు. అయినా వీడియో మొత్తం తెప్పించమనండి, వాసన మాట ఏ నిమిషంలో వచ్చిందో చూడమనండి. గమ్మీల డబ్బా సీల్ తీసి ఉందా లేదా అన్నది కూడా.

ఇక కోర్టు రోజు. నా కౌంటీ డిస్ట్రిక్ట్ జడ్జి అయిదు కౌంటీలు తిరుగుతారు, కాబట్టి మాకు నెలకొక్క రోజు కోర్టు. ఊరి మధ్య ఇటుకల బిల్డింగ్, చుట్టూ గడ్డి, ముందు ఒక పీకాన్ చెట్టు. తొమ్మిదింటికి వెళ్తే బెంచీల మీద యాభై అరవై మంది. బెంచీ చెక్క మీద ఎవరో చాకుతో ఇనిషియల్స్ చెక్కారు, పదహారు నెలల్లో అవి నాకు కంఠతా వచ్చేశాయి. పేరు పిలుస్తారు, లేచి నిలబడాలి, లాయర్ ఒక మాట అంటాడు, జడ్జి ఇంకో తేదీ ఇస్తారు. నాలుగు గంటల డ్రైవ్, నలభై సెకన్ల పని. మొదటిసారి నాకు కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది, వాయిదా పడటం మనకి చెడ్డదేం కాదు. షర్ట్ టక్ చేసుకుని వెళ్లమనండి, చెప్పులు వద్దు, ఫోన్ కారులోనే వదిలెయ్యమనండి. ఎనిమిదిన్నరకే అక్కడుండాలి, లేటైతే బాండ్ రద్దు చేసే అధికారం జడ్జికి ఉంటుంది.

బాండ్ షరతుల్లో యూరిన్ టెస్ట్ ఉందేమో చూడండి. ఉంటే ఇక్కడి స్మోక్ షాపుల్లో కనిపించే డెల్టా-8 (టీహెచ్‌సీలోనే ఇంకో రకం) కూడా ముట్టకూడదు. షాపులో అమ్ముతున్నారు కదా అనే లాజిక్ ఒకసారి వాడి చూశాడు కదా, చాలు.

ఫ్రిస్కో అక్క:

ఖమ్మం బ్రదర్, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. పది గమ్మీల లెక్క మా ఆయనకి చదివి వినిపించాను. కిచెన్‌లోకి వెళ్లి పిల్లల విటమిన్ గమ్మీ ఒకటి తూకం మీద పెట్టి చూశారు.

నిన్న లాయర్ ఫోన్ చేశాడు. "రికార్డ్ లేని కుర్రాడు, స్టూడెంట్, డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇప్పిస్తాను. గిల్టీ అని ఒప్పుకుని రెండు మూడేళ్లు ప్రొబేషన్ సరిగ్గా చేస్తే కన్విక్షన్ (నేరం రుజువైందన్న ముద్ర) పడదు, జైలు లేదు" అన్నాడు. మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. తమ్ముడైతే మూడు వారాల తర్వాత నిన్న అన్నం తిన్నాడు. ఇది ఒప్పుకోవచ్చు కదా?

మీరు "భయపడాల్సింది ఇంకోటుంది" అని రాసి ఆపేశారు. అదేంటి?

ఖమ్మం నుంచి ప్లేనో:

అక్కా, అదే. ఇదే. ఆ మంచి ఆఫరే.

మీ లాయర్ అబద్ధం చెప్పలేదు. టెక్సాస్ చట్టంలో డిఫర్డ్ పూర్తిచేస్తే కన్విక్షన్ కాదు. సిటిజన్‌కైతే బంగారం లాంటి డీల్. కానీ ఇమ్మిగ్రేషన్ చట్టానికి దాని సొంత డిక్షనరీ ఉంది. మనిషి గిల్టీ అనో, నో కంటెస్ట్ (ఆరోపణని కాదని వాదించను) అనో చెప్పి, జడ్జి ఏ రకమైన శిక్ష గానీ షరతు గానీ పెడితే, ప్రొబేషన్ అయినా సరే, ఫెడరల్ లెక్కలో అది కన్విక్షన్. తర్వాత టెక్సాస్ కోర్టు కొట్టేసినా వాళ్ల లెక్క మారదు. అదీ డ్రగ్ కేసు. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి, ఒక్కసారి, అని ఒక చిన్న మినహాయింపు ఉంది గానీ, నలభై యాభై గ్రాముల గమ్మీలు అందులో ఇముడుతాయా లేదా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. ఇమడకపోతే డిపోర్టేషన్. జైలుకెళ్లకుండా ఇంటికెళ్తాడు, కాకపోతే ఆ ఇల్లు నరసరావుపేట.

నాకూ నాలుగో నెలలో ఇదే ఆఫర్ వచ్చింది. ఐదేళ్లు డిఫర్డ్. మా మామయ్య "సంతకం పెట్టెయ్యరా, తలనొప్పి పోతుంది" అన్నాడు. పెన్ను తీసుకున్నాను కూడా. ఆపింది ఎవరో తెలుసా, నా రూమ్మేట్ పెదనాన్న కొడుకు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో పారాలీగల్. ఫోన్‌లో ఒక్కటే అన్నాడు: "అన్నా, రెండో లాయర్‌ని అడగకుండా గిల్టీ అన్న మాట నోట్లోంచి రానివ్వకు."

కాబట్టి ఈ వారంలోనే క్రిమినల్ కేసుల ఇమ్మిగ్రేషన్ ప్రభావం మీదే పనిచేసే లాయర్‌ని పట్టుకోండి. హెచ్-1బి ఫైల్ చేసే కన్సల్టెన్సీ లాయర్ కాదు. నేను 1,200 డాలర్లు ఇచ్చాను. ఆవిడ రెండు పేజీల ఉత్తరం రాసి, ఏ సెక్షన్ కింద ఒప్పుకుంటే ప్రమాదం, ఏది కాదు అని మా క్రిమినల్ లాయర్‌కి పంపింది. ఆయన కోపం తెచ్చుకోలేదు, "ఇది నాకు కావాల్సిందే" అన్నాడు. నిజానికి సిటిజన్ కాని క్లయింట్‌కి ఈ ప్రమాదం చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న ఊళ్లో ఆయన దగ్గరికి వచ్చే క్లయింట్లలో ఎఫ్-1 వాళ్లు ఎంతమంది ఉంటారు? గుర్తుండదు. మీరే గుర్తు చెయ్యాలి.

అడగాల్సినవి: పూర్తిగా కొట్టేయించడం, లేదంటే డ్రగ్‌తో సంబంధం లేని చిన్న సెక్షన్‌కి మార్చడం, లేదంటే ప్రీట్రయల్ డైవర్షన్ (విచారణకి ముందే కొన్ని షరతులు పూర్తిచేస్తే కేసు వదిలేసే ఒప్పందం). మూడోది కూడా కళ్లు మూసుకుని తీసుకోవద్దు. జడ్జి ముందు గిల్టీ అనకుండా, తప్పు చేశానని సంతకం పెట్టకుండా ఉంటేనే దానికి విలువ. కొన్నిచోట్ల డైవర్షన్ కాగితాల్లోనే "నేను చేశాను" అని ఒక పేరా ఉంటుంది. ఆ పేరా ఉంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. డ్రగ్ విషయంలో శిక్ష పడకపోయినా, ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ ముందు నోటితో ఒప్పుకోవడమే దెబ్బ కొట్టగలదు.

చదువు, వీసా సంగతి: అరెస్ట్ అయినంత మాత్రాన ఎఫ్-1 స్టేటస్ పోదు. క్లాసులు మానకుండా వెళ్లమనండి, క్రెడిట్లు తగ్గించొద్దు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు వేరే సంగతి, దాన్ని రద్దు చేస్తూ ఈమెయిల్ రావచ్చు. వచ్చినా స్టేటస్ వెంటనే పోదు, కానీ దేశం దాటితే మళ్లీ కొత్త వీసా కావాలి. జైల్లో తీసుకున్న వేలిముద్రలు ఫెడరల్ డేటాబేస్‌కి వెళ్తాయి. 2025 ఏప్రిల్‌లో అలాంటి రికార్డులు పట్టుకుని వేలమంది స్టూడెంట్ల సెవిస్‌ని (ప్రభుత్వం దగ్గరుండే విదేశీ స్టూడెంట్ రికార్డుని) ఒక్కసారిగా టెర్మినేట్ చేశారు, కేసులు కొట్టేసినవాళ్లవి కూడా. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెలాఖరుకి తిరిగి పెట్టడం మొదలుపెట్టారు. అందుకే వారానికోసారి యూనివర్సిటీ ఈమెయిల్ చూసుకోమనండి. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో ఆ రెండో లాయర్‌నే అడగండి.

ఒకటి మర్చిపోయాను. కేసు కొట్టేశాక రికార్డ్ చెరిపించుకోవచ్చు, ఎక్స్‌పంక్షన్ అంటారు. నేను చేయించాను. కానీ దానికి ముందే కోర్టు క్లర్క్ దగ్గర సీలు వేసిన డిస్మిసల్ కాపీలు అయిదారు తీసుకుని పెట్టుకోవాలి. చెరిపేశాక ఆ కాగితం ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. వీసా ఫారంలో మాత్రం "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా" అన్న ప్రశ్నకి జీవితాంతం అవుననే చెప్పాలి. నేను ప్రతిసారీ ఆ కాపీ పట్టుకెళ్తాను.

గోదారి గట్టు గారూ, మీరన్నది తప్పని నేను అనను. మా నాన్న కూడా అదే అన్నాడు, ఆరు నెలలు మాట్లాడలేదు. కానీ అన్న తర్వాత పొలం మీద తెచ్చిన డబ్బు లాయర్‌కి పంపాడు.

తెలుగు ఇంటర్‌ప్రెటర్:

నేను కోర్టులకి ఫోన్ మీద తెలుగు ఇంటర్‌ప్రెటేషన్ చేస్తుంటాను. చట్టం గురించి సలహా ఇవ్వను, ఇవ్వకూడదు. నా పని వైపు నుంచి మాత్రం రెండు మాటలు.

మీ తమ్ముడికి ఇంగ్లిష్ బాగానే వచ్చి ఉంటుంది. అయినా ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే లాయర్ ద్వారా అడిగించండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. క్లాసులో వాడే ఇంగ్లిష్ వేరు, జడ్జి గబగబా చదివే ఇంగ్లిష్ వేరు. చాలామంది మన పిల్లలు అర్థం కాకపోయినా "యెస్ సర్, యెస్ సర్" అంటూ పోతారు, మర్యాద అనుకుని. అక్కడ ప్రతి యెస్ రికార్డులోకి ఎక్కుతుంది. సిటిజన్ కాకపోతే ఈ ప్లీ (గిల్టీ అనో, నో కంటెస్ట్ అనో చెప్పడం) వల్ల డిపోర్టేషన్ రావచ్చని కూడా జడ్జి చదివి వినిపించాలి, టెక్సాస్‌లో అది చట్టం. దానికి కూడా యెస్ సర్ అనేసినవాళ్లని విన్నాను. తల ఊపితే కోర్టు రిపోర్టర్ (కోర్టులో అన్న ప్రతి మాటా టైప్ చేసే ఉద్యోగి) టైప్ చెయ్యలేరు, మన తల ఊపు అవునో కాదో వాళ్లకి తెలియదు కూడా. నోటితో చెప్పాలి. అర్థం కాకపోతే "మళ్లీ చెప్పండి" అనాలి. ఎవరూ కోప్పడరు.

నో కంటెస్ట్ అన్న మాట నాకు ఎప్పుడూ కష్టమే. కొత్తలో ఒకసారి "పోటీ చెయ్యడం లేదు" అన్నాను, అవతల ఆయన "నేను ఎన్నికల్లో నిలబడలేదు కదండీ" అన్నాడు. ఇప్పుడు "నేరం ఒప్పుకోను, కానీ ఆరోపణని కాదని వాదించను కూడా" అని విడదీసి చెప్తాను. పైన ఖమ్మం వారు చెప్పినట్టు ఇమ్మిగ్రేషన్‌లో అది గిల్టీకి వేరు కాదు, మాట మెత్తగా ఉందని మోసపోవద్దు.

ఇంకోటి. ఫ్యామిలీ కోర్టు రూమ్‌లో కూర్చోవచ్చు, కూర్చోండి. వెనక నుంచి తెలుగులో "ఒప్పుకోకురా" అని అందించొద్దు. నిజంగా జరిగింది, జడ్జి నన్ను "ఆ లేడీ ఏమంది?" అని అడిగారు, నేను చెప్పాల్సి వచ్చింది.

ఫ్రిస్కో అక్క:

ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఇవాళ మాట్లాడాం. మొదటి మాటే "ఇంకా ఏదీ ఒప్పుకోలేదు కదా?" అన్నారు. లేదని చెప్పాం. ఆవిడ రేపు క్రిమినల్ లాయర్‌తో మాట్లాడతారట. డిఫర్డ్ వద్దని క్రిమినల్ లాయర్‌కి నేనే మెసేజ్ పెట్టాను. "ఓకే, గుడ్ పాయింట్" అని జవాబు వచ్చింది. నిన్న బంగారం, ఇవాళ గుడ్ పాయింట్.

అమ్మకి కూడా చెప్పేశాను. ఏడ్చింది. తర్వాత మా ఊరి ఎమ్మెల్యే గారి బామ్మర్ది డాలస్‌లోనే ఉన్నాడు, ఒక మాట చెప్పిద్దామా అంది.

ఒక పిచ్చి ప్రశ్న. జైలు నుంచి ఇచ్చిన సామాన్ల కాగితంలో ఫోన్, పర్సు, బెల్టు తర్వాత "తాడు, నల్లది, 1" అని ఉంది. వాడి మొలతాడు. బుకింగ్‌లో కత్తిరించి కవర్లో వేశారట. అమ్మ కొత్తది పంపిస్తానంటోంది, కోర్టుకి కట్టుకునే వెళ్లాలట. మెటల్ డిటెక్టర్ దగ్గర ఇబ్బంది పెడతారా?

ఖమ్మం నుంచి ప్లేనో:

నా కాగితంలో "దారం" అని రాశారు. వెండి బిళ్ల ఉంటే మోగుతుంది అక్కా, ట్రేలో పెట్టమంటారు. ఉత్త తాడైతే మోగదు. కట్టుకెళ్లమనండి.